మా చేనికి బండ్లమీద వచ్చిన ఊరు

భూమిలో ఏమీ లేదని రాయడం నా ఉద్యోగం. ఏమైనా ఉంటే ఉందనే రాయాలి, జీతం ఇచ్చేది అందుకే. కానీ చాలా చోట్ల ఏమీ ఉండదు. కోయంబత్తూరు చుట్టుపక్కల ఎవరైనా పెద్ద లేఅవుటు వేసి వందల ఇళ్లు కట్టాలనుకున్నప్పుడు, ఆ నేల అడుగున పాత సమాధులో పాత ఊళ్లో ఉన్నాయేమో ముందుగా చూసి కాగితం రాసిచ్చే చిన్న ఆఫీసు మాది. బిల్డర్ల దృష్టిలో మేము అడ్డుపుల్ల వేసేవాళ్లం, ఊరివాళ్ల దృష్టిలో బిల్డరు మనుషులం. ఇన్నేళ్లలో ఏ ఊళ్లోనూ మాకు మనస్ఫూర్తిగా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చినవాళ్లు లేరు.

అలాంటిది, రెండేళ్ల కిందట, అక్టోబరు చివర ఐప్పసి నెల వానలు పడుతున్న రోజుల్లో మా పెద్దమ్మ ఫోను చేసి నన్ను రమ్మంది.

"అమ్మిణీ, మన సేన్లో పెంకులు తేలినాయి. టీవీలో సూపించినారే, ఆ మాదిరివే. లోపల నలుపు, బయట ఎరుపు. ఒక్కటి గాదు, గంపెడు ఉండాయి. నీకు దాన్లోనేగదా పని? వచ్చి సూడు."

పెద్దమ్మ అంటే మా నాన్నగారి అన్న భార్య. కినత్తుకడవుకు తూర్పున ఆరేడు మైళ్ల దూరంలో ఉంటుంది ఊరు. మావాళ్లు ఎన్ని తరాల కిందట తెలుగునాడు వదిలి వచ్చారో ఎవరికీ తెలియదు. నల్లమట్టి కనిపించిన చోటల్లా ఆగిపోయారని మాత్రం చెప్పుకుంటారు. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ తెలుగులో సగం తమిళమే. నాకు ఈ అక్షరాలు వచ్చాయంటే, మా నాన్న సేద్యం వదిలి రైల్వేలో చేరి పోదనూరు కాలనీకి వచ్చాక, పక్క క్వార్టర్సులో ఉండే తెలుగు క్రైస్తవురాలు ఒకావిడ సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టుకుని చర్చి పాటల పుస్తకంతో నేర్పింది. మా పెద్దమ్మకు ఏ అక్షరాలూ రావు. కానీ చేతిలో మట్టి పట్టుకుని నలిపితే ఆ నేలలో ఏ పైరు ఎంత పండుతుందో చెప్పేస్తుంది.

ఆమె పెంకుల కోసం పిలవలేదని నాకు ఫోను పెట్టేయకముందే అర్థమైంది. ఆ చేను మొత్తం పదకొండెకరాలు. మా నాన్న తన భాగం ఎప్పుడో వదిలేసుకున్నాడు. మిగిలిన దాయాదులందరూ కలిసి ఒక బిల్డరుకు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నడిమధ్యలో ఉన్న రెండెకరాలు పెద్దమ్మవి. ఆ ఒప్పందం మీద ఆమె చేత కూడా వేలిముద్ర వేయించుకున్నారు. "అందురూ పెట్టినంక నేనొక్కదాన్ని ఏమని నిలబడేది?" అని నాతో అంది. ఒక్క సంగతి మిగిలింది. ఆ ప్రాంతంలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత సమాధులు బయటపడ్డాయి గనుక, లేఅవుటుకు ముందు మాలాంటి ఆఫీసు కాగితం కావాలి. నేలలో ఏదైనా ఉందని అందులో రాస్తే పని ఆగుతుంది. ఎక్కడో అలా ఆగిన సంగతి ఆమె టీవీలో చూసింది.

"నాకు ఇంకెన్ని ఏండ్లు? నేను ఉండే వరకు అది సేనుగా ఉంటే సాలు," అంది.

బంధువుల భూమి అని ఆఫీసులో ముందే చెప్పాను. మా పెద్దాయన, అంటే మా ఆఫీసు నడిపే ఆయన, తమిళుడు, జీవితమంతా కుండపెంకులతో గడిపినవాడు. "సంతకం నాది. కాళ్లూ కళ్లూ నీవి. ఆ నేల నీకు తెలుసు కదా," అన్నాడు. ఔను, తెలుసనే నేనూ అనుకున్నాను.

ఎందుకు తెలియదు? నా చిన్నతనంలో సెలవులన్నీ అక్కడే. నాన్నకు పాసు ఉండేది కాబట్టి పోదనూరులో పొల్లాచ్చి రైలెక్కి దర్జాగా కిటికీ పక్కన కూర్చునేదాన్ని. అప్పటికి అది మీటరు గేజీ బండి. సైకిలు తొక్కేవాడు కూడా దానికన్నా ముందు చేరతాడని ఎగతాళి చేసేవాళ్లు. కినత్తుకడవు స్టేషన్లో పెద్దనాన్న ఎద్దులబండితో ఉండేవాడు. పాలక్కాడు కనుమలోంచి వచ్చే గాలి దారి పొడవునా వీపు మీద తోసేది. ఇప్పుడు ఆ దారంతా కొబ్బరితోటలు. అప్పట్లో ఎటు చూసినా నల్లటి నేలే, ఆకాశం దాకా.

డిసెంబరు సెలవులకు వెళ్తే చేలో శనగ ఉండేది. శనగ మొక్క మీద పడ్డ మంచు పుల్లగా ఉంటుంది. తెలతెలవారుతుండగా ఒట్టి కాళ్లతో చేలోకి దిగితే పిక్కలు చురుక్కుమని మండేవి. పెద్దమ్మ ముందు రోజు సాయంత్రమే పాత చీర ఒకటి మొక్కల మీద పరిచి, తెల్లవారాక ఆ తడిని సీసాలోకి పిండేది. ఏడాది పొడవునా ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆ సీసాయే డాక్టరు. పచ్చి శనగలు తిని పెదాలు పగిలిపోయి, అన్నంలో కారం తగిలి నేను ఏడుస్తుంటే, పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపమూ వస్తుంది, ఆ రోజులకు తిరిగి పోవాలనీ ఉంటుంది.

ఎండాకాలం సెలవులకు వెళ్తే అదే చేను వేరుగా ఉండేది. నల్లరేగడి ఎండకు నోళ్లు తెరుచుకునేది. పగుళ్లలో నా చెయ్యి మోచేతి దాకా దిగేది. ఒకసారి నా కాలిపట్టీ సీల ఊడి అందులో పడిపోయింది. పుల్లతో గెలికినకొద్దీ లోపలికి జారింది. ఏడుస్తూ పెద్దనాన్న దగ్గరికి పోతే, "భూమికి ఇచ్చినావు, అంతే. వానొస్తే మూసుకుంటుంది, దున్నితే ఎప్పుడో అది ఇస్తుంది," అన్నాడు. అది ఇంతవరకూ ఇవ్వలేదు.

ఆ వేసవుల్లో చేలో వరుసగా మట్టికుప్పలు ఉండేవి. మేము పోయేసరికే తోలేసి ఉండేవాళ్లు. ఎరువు కుప్పలనుకునేదాన్ని. ఆ కుప్పల్లో దొరికే ఎర్రటి పెంకులను పిల్లలమంతా బండమీద గుండ్రంగా అరగదీసి పాండి ఆడుకునేవాళ్లం. పాండి అంటే తొక్కుడుబిళ్లే. నున్నగా, బరువుగా, వేసిన గడిలోనే ఆగే బిళ్ల కావాలంటే ఆ పెంకుకు మించింది లేదు. పోదనూరుకు కూడా జేబు నిండా తీసుకుపోయేదాన్ని, కాలనీ పిల్లల్లో నా పరపతికి అదే కారణం.

ఇదంతా తెలిసిన నేను, మా ఫారంలో ఉన్న మొదటి ప్రశ్న అడగలేదు. ఏ ఊరికి పోయినా, ఏ రైతు ఎదుట కూర్చున్నా ముందు అడిగేది అదే. ఈ నేలకు బయటి మట్టి ఏమైనా తోలారా? ఇన్నేళ్లలో ఒక్కచోట కూడా మరిచిపోలేదు. ఇక్కడ మాత్రం, మన చేనే కదా, మన పెద్దమ్మే కదా, నాకు తెలియనిదేముందని ఆ గడిలో నేనే ఒక గీత గీసేసి పనిలో దిగాను.

డిసెంబరు నడుమ, మార్గళి నెల మొదట్లో పని మొదలుపెట్టాం. దాయాదుల నేల బీడుగా పడి ఉంది. పెద్దమ్మ రెండెకరాల్లో కొత్తిమీర మొలక వేలెడు ఎత్తు లేచింది. మేము పది అడుగుల ఎడంతో వరుసలు కట్టి, తల వంచుకుని, కనబడిన ప్రతి పెంకు దగ్గరా చిన్న జెండా గుచ్చుకుంటూ నడవాలి. పెద్దమ్మ గట్టుమీద నిలబడి, "సెప్పులు ఇడిసి దిగండి! మొలక తొక్కేస్తా ఉండారు!" అని ఒకటే కేకలు. చేనును కాపాడమని పిలిచిందీ ఆమే, చేలో అడుగు పెట్టనివ్వనిదీ ఆమే. మా పెద్దాయన అరవై ఏళ్ల మనిషి, బూట్లు విప్పి చేత పట్టుకుని ఆమెకు దణ్ణం పెట్టి మరీ దిగాడు.

మధ్యాహ్నానికి జెండాలు అయిపోయాయి. అన్ని పెంకులు. నలుపూ ఎరుపూ కలిసినవి, అంచుకు గీతలున్నవి, ఒక శంఖుగాజు ముక్క, ఒక పూస. మా పెద్దాయన ముఖం వెలిగిపోయింది. గుండ్రంగా అరగదీసిన పెంకుబిళ్ల ఒకటి దొరికితే దాన్ని అరచేతిలో తిప్పి తిప్పి చూసి, "రెండువేల ఏళ్ల కిందటి పిల్లలు ఆడుకున్నది!" అన్నాడు. తవ్వకాల్లో అలాంటివి చాలా దొరుకుతాయి, నిజమే. కానీ ఆ బిళ్ల అంచు చూస్తే, అది మా ఇంటి వెనక బండమీద అరిగిందని నాకు గట్టి అనుమానం. ఆయన దాన్ని సంచిలో వేసి నంబరు రాస్తుంటే సంచి మూతి పట్టి ఇచ్చాను. ఇంటికొచ్చాక ఒంటరిగా నవ్వుకున్నాను.

మరునాడు మూడు గుంతలు తవ్వాం. నాగలి దిగే లోతు వరకు పెంకులు బాగా ఉన్నాయి. ఆ కింద నల్లమట్టి, శుభ్రంగా, జిగటగా. సరిగ్గా అక్కడే నాకు అనుమానం మొదలైంది. పాత ఊరు ఉన్నచోటైతే కింద బూడిద ఉండాలి, మనుషులు తొక్కి గట్టిపడిన నేలలుండాలి, గుంజలు పాతిన గుంతలుండాలి. అవేవీ లేవు. కానీ మూడో గుంతలో మూడడుగుల లోతున రెండు పెంకులు దొరికాయి. పెద్దమ్మ అవి చూసి నా చెయ్యి పట్టుకుంది. "అడుగున కూడా ఉండాయే అమ్మిణీ! అప్పుడు ఉన్నట్టేగదా?"

"సూస్తాము పెద్దమ్మా," అన్నాను. నల్లమట్టిలో లోతు ఎవరికీ సాక్ష్యం చెప్పదు. నా పట్టీ సీలను మింగిన పగుళ్లే పెంకులనూ మింగుతాయి. మా పెద్దాయనకూ అది తెలుసు. తాపీతో గుంత గోడను మెల్లగా గీకుతూ, "ఇక్కడ చిన్న పల్లె ఏదో ఉండి, దున్నీ దున్నీ చెదిరిపోయి ఉండొచ్చు. లేదా మట్టి బయటినుంచి వచ్చి ఉండొచ్చు. ఆవిడను అడిగావు కదా?" అన్నాడు.

అడిగానని చెప్పలేకపోయాను. భోజనాల దగ్గర అడుగుతానన్నాను.

గట్టుమీద కూర్చుని తింటున్నాం. పెద్దమ్మ జొన్నసంగటి, అనపగింజల పులుసు తెచ్చింది. మా పెద్దాయన ఆకు మీద వంగి తింటున్నాడు. ఆయనకు తెలుగు రాదు. నేను మాట వరసకు అడుగుతున్నట్టే అడిగాను.

"పెద్దమ్మా, ఈ సేనుకి బయట మన్ను ఏమైనా తోలినారా?"

"తోలకుండా?" అంది పెద్దమ్మ, అవమానం జరిగినట్టు. "ఏండ్లకు ఏండ్లు తోలినాము. పాటిమన్ను వేయకపోతే ఈ నేలలో జొన్న మనిషెత్తు లేస్తుందా? మీ పెద్దనాయనా, మీ నాయనా రెండు బండ్లు కట్టేవాళ్లు. నేనూ మీ అమ్మా పలుగులు ఎత్తుకుని పొద్దు పొడవక మునుపే పోయేవాళ్లం."

పాటి అంటే పాడుపడిన పాత ఊరి దిబ్బ. ఎన్నో తరాలు పొయ్యిబూడిద, పేడ, ఎముకలు, ఊడ్చి పారేసిన చెత్త, కూలిన మట్టిగోడలు అన్నీ కలిసి మగ్గిన బూడిదరంగు మన్ను అది. చేనుకు వేస్తే పైరు నల్లగా, ఏపుగా లేస్తుంది. అక్కడి తమిళులు నత్తమేడు అంటారు. పుస్తకాల్లో పెద్దపెద్ద మాటలతో చదువుకున్నాను దాని గురించి, పరీక్ష కూడా రాశాను. నేను తొక్కుడుబిళ్లలు ఏరుకున్న కుప్పలు అవేనని మాత్రం ఒక్కనాడూ తట్టలేదు.

"యాణ్నించి తోలినారు?"

"ఓడై వాగు పక్కన దిబ్బ ఉండేదే, ఆణ్నించి. ఇప్పుడు ఆడ ఇండ్లు కట్టి గేటు పెట్టేసినారు గదా. మనం ఒక్కరమే గాదు, సుట్టూ నాలుగూళ్లోళ్లు తోలినారు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ దిబ్బ మీద నిలబడితే రైలు కనిపించేది. నా కొడుకు పుట్టి పోయినప్పటికి నా నడుమంత ఉండింది. ఆమీట అదీ లేదు."

ఆ గేటు నాకు తెలుసు. ఆరేళ్ల కిందట ఆ నేలను నేనే నడిచాను. నేను మొదటిసారి ఒంటరిగా సంతకం పెట్టిన కాగితం అదే. అరచెయ్యిలా చదునుగా ఉన్న నేల, పైన ఒక్క పెంకు లేదు. గుంతలు తవ్వాలంటే టైము లేదన్నారు, అక్కర్లేదని నేనూ అన్నాను. "ఏమీ లేదు" అని రాశాను. దిబ్బ పైభాగం మా పెద్దమ్మ గంపల్లో పోయింది గానీ అడుగున ఏం మిగిలి ఉందో ఇక ఎవరు చూస్తారు? దాని మీద ఇప్పుడు రెండంతస్తుల ఇళ్లున్నాయి.

నాకేమైందో పెద్దమ్మకు తెలియదు. ఆమె ఉత్సాహంలో ఉంది. ఆ వయసులో ఎవరు అడుగుతారు ఇవన్నీ? చెబుతూ పోయింది. కోతలైపోయాక, మొదటి వానకు ముందు, నెలన్నర రోజులు అదే పని. మగవాళ్లు బండి తోలడమే. తవ్వేదీ గంపలకెత్తేదీ బండిలో పోసేదీ ఆడవాళ్లే. ఏడాదికి మొదటి గంప ఎత్తేముందు ఒక తమలపాకులో బెల్లం ముక్క పెట్టి దిబ్బ మీద ఉంచి, "ఉన్నోళ్లారా, మన్ను అడగను వచ్చినాము," అని చెప్పి దణ్ణం పెట్టేవాళ్లట.

"ఎవురికి సెప్పేవాళ్లు?"

"ఎవురి ఊరో అది, వాళ్లకి. అడక్కుండా ఎత్తుకొస్తామా? తవ్వేటప్పుడు కుండ గుండుగా వచ్చినా, ఎముక వచ్చినా పక్కన గుంత తీసి మళ్లీ మూసేసేది. అది వాళ్లది. పెంకులు మన్నుతో వచ్చేస్తాయి, వాటిని ఏమి సేసేది?" అని, నా వైపు చూసి నవ్వింది. "ఆ ఊరినంతా మనమే తినేసినాము అనుకో. నువ్వు కూడా దాన్నే తిని పెరిగినావు."

మా పెద్దాయన తలెత్తి, ఏమంటున్నారని తమిళంలో అడిగాడు. పాతకాలం కబుర్లనీ, మట్టి సంగతి రిపోర్టులో రాస్తాననీ అన్నాను. ఆయన తల వంచి మళ్లీ తినసాగాడు.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి బోరు దగ్గరికి పోయినప్పుడు పెద్దమ్మతో చెప్పాను. చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పలేదు, కానీ చెప్పకుండా ఎట్లా ఉండేది?

"పెద్దమ్మా, పెంకు యాడ పుట్టి యాడ పడి ఉంటే అది సాక్ష్యం. మీరు మోసుకొచ్చింది సాక్ష్యం గాదు. ఈ సేన్లో పాత ఊరు లేదని అయిపోతుంది. ఇండ్లు కట్టేదానికి అడ్డం ఉండదు."

ఆమె గిన్నె తోముతున్న చెయ్యి ఆగింది.

"అంటే నేను సెప్పిందానితోనే పోయిందా?"

నేను తిన్న ఆకులు మడిచి ఎత్తాను.

"సరి," అంది. "అయితే నేను ఏమీ సెప్పలేదనుకో."

నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడ గొప్పలు పోను. పోదనూరులో మా ఇంట్లో కూర్చుని వారం రోజులు ఆ రిపోర్టు రాశాను. ఉన్నదే రాశాను, ఒక్క అబద్ధం లేదు. పెంకులు ఇన్ని దొరికాయి, పూస దొరికింది, మూడడుగుల లోతున కూడా రెండు దొరికాయి. "చిన్న జనావాసం ఉండి ఉండవచ్చు. విస్తృతంగా తవ్వి చూసేవరకు ఈ నేలను కదపరాదు." బయటి మట్టి తోలారా అన్న గడిలో నేను గీసిన గీత అలాగే ఉంది. పెద్దమ్మ మాట లేకుండా చదివితే ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. ఆమె కోసమే అలా రాశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఆ మాట బయటికి వస్తే, ఆరేళ్ల కిందట నేను "ఏమీ లేదు" అన్న చోటే ఒక ఊరు ఊరంతా ఉండేదని కూడా బయటికి వస్తుంది. ఆమె మౌనంలో నా తప్పుకు కూడా చోటు దొరికింది.

ఆదివారం పొద్దున కాగితాలు తీసుకుని ఊరికి వెళ్లాను. సోమవారం ఆఫీసులో ఇవ్వాలి. ముందు పెద్దమ్మకు చదివి వినిపించి సంతోషపెట్టాలనిపించింది. వాకిట్లో చాప పరిచి కూర్చోబెట్టింది. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది. ఒక్కొక్క వాక్యమే మా ఇంటి తెలుగులోకి మార్చి చెప్పాను. ఇక్కడ వేల ఏళ్ల కిందట మనుషులు కాపురం ఉండి ఉండొచ్చు, కుండలు చేసుకున్నారు, పూసలు వేసుకున్నారు, పిల్లలు బిళ్లలాడుకున్నారు, అందుకని ఇప్పుడు ఎవరూ ఈ నేలను ముట్టకూడదు.

"ఎన్ని దినాలు ముట్టకూడదు?"

"రెండేండ్లు. మూడేండ్లు కూడా కావొచ్చు."

"అబ్బ! నాకు అది సాలు," అని రెండు చేతులూ నా తల చుట్టూ తిప్పి మెటికలు విరిచింది. ఆమె ముఖం అంత తేటగా ఉండగా చూసి ఎన్నాళ్లయిందో. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చేసింది మంచి పనే అనుకున్నాను.

"ఇంగొక తూరి సదువు," అంది.

మళ్లీ చదివాను. ఈసారి ఆమె నా నోటి వైపు చూడలేదు. చాప అంచు చూస్తూ వింది. అయిపోయాక అడిగింది.

"ఆ పెంకులు ఈడికి ఎట్ల వచ్చినాయని రాసినావు?"

"రాయలేదు పెద్దమ్మా. ఈణ్నే ఉన్నట్టు."

"ఎవురో ఉండి, ఎవురో పారేసిపోయినట్టు."

"ఔను."

"మేము?"

నాకు ప్రశ్న అర్థం కానట్టు ముఖం పెట్టాను. నిజానికి అర్థమైంది.

"మేము యాడ ఉండాము దీంట్లో? మీ పెద్దనాయన, మీ నాయన, మీ అమ్మ, నేను?"

"మీరు లేరు. మీరు ఉంటే సేను పోతుంది. అందుకే నువ్వు సెప్పలేదని అనుకోమన్నావు."

పెద్దమ్మ కొంగు తీసి తల వంచి, నడినెత్తి మీద వేలు పెట్టి చూపించింది. జుట్టు పాయల మధ్య రూపాయి బిళ్లంత మేర నున్నగా ఉంది. చుట్టకుదురు పెట్టి గంప మోసీ మోసీ వెంట్రుకలు మళ్లీ రాని చోటు. చిన్నప్పుడు ఆమెకు తల దువ్వుతూ ఎన్నోసార్లు చూశాను. అదేమిటని ఎప్పుడూ అడగలేదు.

"దినానికి ఎన్ని గంపలని లెక్క పెట్టినామా? నేను కడుపుతో ఉండి కూడా మోసినాను. మీ అమ్మ సలిజొరంతో మోసింది. ఆ మన్ను వేసినంకనేగదా ఈ సేను సేనయింది. అంతకుముందు దీంట్లో పిడికెడు పండలేదు. ఇప్పుడు ఎవురో వచ్చి సూసి, ఎప్పుడోటోళ్ల ఊరు ఈడ ఉండింది, అందుకని ఈ మన్ను గొప్పది అంటే..." ఆగింది. "పావం, వాళ్లూ గొప్పోళ్లే, కాదని సెప్పలే. ఆనా ఇది మేము సేసిన సేను."

"పెద్దమ్మా, ఆ మాట రాస్తే నేను ఇంక ఏమీ సేయలేను. ఈ ఏడాదే వచ్చేస్తారు."

"తెలుసు."

"నువ్వు ఉండే వరకు సేనుగా ఉండాలని అడిగినావు."

"అడిగినాను." కొంగు మళ్లీ తలమీదికి లాక్కుంది. నేను కాగితాలు సర్దుతూ, విప్పుతూ కూర్చున్నాను. తర్వాత మామూలు గొంతుతోనే అంది.

"సేను పోతే పోనీ అమ్మిణీ. మేము మోసింది కూడా పోవాల్నా?"

ఆమె ఎదుటే ఆ పేజీ కొట్టేసి వెనకవైపు మళ్లీ రాశాను. పెంకులు ఈ నేలవి కావనీ, ఓడై పక్కనున్న పాటిదిబ్బ నుంచి ఏళ్ల తరబడి బండ్లమీద తెచ్చిన మట్టితో వచ్చాయనీ, ఆ సంగతి మోసినవాళ్లలో ఒకరే స్వయంగా చెప్పారనీ రాశాను. ఆ దిబ్బ ఉన్న చోట ఏమీ లేదని మునుపు నేనిచ్చిన రిపోర్టు తప్పని కూడా రాశాను. ఈ నేలలో ఇళ్లు కట్టడానికి అభ్యంతరం లేదన్న వాక్యాన్ని చివరికి మిగిల్చుకున్నాను. పెద్దమ్మ ఎదురుగా కూర్చుని నేను అదీ రాసేదాకా చూసింది. అంతా అయ్యాక కలానికి మూత పెట్టాను.

"తవ్విందీ మోసిందీ ఆడోళ్లని రాసినావా?"

"రాసినాను."

"మీ పెద్దనాయన బండి తోలినాడని?"

"అదీ రాసినాను."

"సరి. తీసుకుపోయి ఇచ్చేయి," అంది.

సోమవారం పొద్దున ఇచ్చేశాను.